దుబ్బక్క చదివిన ఆకు

ఇప్పచెట్ల అడవిలో దుప్పులు, కుందేళ్లు, ఎలుగుబంట్లు, రకరకాల పిట్టలు ఉండేవి. వాటికి చదువు చెప్పేది ముంగిస పంతులమ్మ.

ఒకరోజు పంతులమ్మ టేకు ఆకుల మీద ఒక నాటకం రాసి తెచ్చింది.

"దీనికి వేషాలు అక్కర్లేదు, కంఠస్థం అక్కర్లేదు. ఎవరి ఆకు చూసి వాళ్లు, ఎవరి మాటలు వాళ్లు గట్టిగా చదవాలి. పది రోజుల్లో పక్క అడవి వాళ్లు వినడానికి వస్తారు" అంది.

దుబ్బక్క అనే ఎలుగుబంటికి నాలుగే వాక్యాలు వచ్చాయి. ఆమె ఇద్దరు పిల్లల తల్లి. ఈమధ్యే అక్షరాలు నేర్చుకుంది. మొదటి పదం దగ్గరే తడబడి ఆగిపోయింది.

కులుకు అనే గోరింక కిసుక్కున నవ్వింది. "ఈ వయసులో నీకెందుకీ తిప్పలు, దుబ్బక్కా? నేనైతే ఒక్కసారి వింటే చాలు!"

నిజమే. కులుకు ఆకు వంక చూసేదే కాదు. పంతులమ్మ చదివింది విని అచ్చం అలాగే పలికేది.

"నేను మానేస్తాను, పంతులమ్మా" అంది దుబ్బక్క.

"సరే. ఈ ఒక్క వాక్యం నాతో కలిసి చదివి మానెయ్."

ఇద్దరూ కలిసి చదివారు. రెండోసారి దుబ్బక్క ఒక్కతే చదివింది. ఇక మానలేదు. రోజూ వాగు ఒడ్డున కూర్చుని, అక్షరాల కింద గోరు ఆనించి, పదేపదే చదివేది. "అమ్మా, అక్కడ కోపంగా చదవాలి" అని పిల్లలు చెబితే మళ్లీ మొదలుపెట్టేది.

నాటకం రోజు వచ్చింది. పంతులమ్మ ఇంకా రాలేదు. ఇంతలో పక్క అడవి నుంచి రాత ఉన్న ఆకు ఒకటి వాగులో తేలుతూ వచ్చింది.

కులుకు దాన్ని లాక్కుంది. చదవడం రాదని చెప్పడానికి సిగ్గేసింది. "పడమటి దారిలో ఎదురు రమ్మన్నారు. పదండి!" అని తోచింది చెప్పేసింది. దుప్పులు లేచాయి.

దుబ్బక్క ఆకు అందుకుంది. అక్షరాల కింద గోరు ఆనించి, గట్టిగా చదివింది. "పడమటి దారిలో... వలలు... పన్నారు. అటు రావద్దు!"

దుప్పులు ఆగిపోయాయి.

"ఆమెకు చదవడం వచ్చా?" అంటూ కులుకు ఎగిరి వెళ్లింది. కాసేపటికి పడమటి నుంచి దాని కేకలు వినిపించాయి. దుబ్బక్క పరుగెత్తి, వల చింపి, దాన్ని బయటికి తీసింది. సగం ఈకలు ఊడిపోయాయి.

ఆ సాయంత్రం నాటకంలో దుబ్బక్క నాలుగు వాక్యాలూ తడబడకుండా చదివింది.

మర్నాడు కులుకు తన ఆకు తెచ్చుకుని ఆమె పక్కన కూర్చుంది. "అక్కా, ఈ మొదటి అక్షరం ఏమిటి?" అని నెమ్మదిగా అడిగింది.

నీతి: విని అప్పజెప్పడం చదువు కాదు. తడబడినా పట్టు వదలక చదివినవారికే చదువూ ధైర్యమూ వస్తాయి.