కుళాయి లేని చోట బిందె

అనగనగా మన ఊరిలాంటి ఊళ్ళో ఒక ఇరుకు సందు. ఆ సందు మొదట్లో మున్సిపాలిటీ వాళ్ళ కుళాయి ఒకటి ఉండేది. ఊ కొడుతున్నావా? నువ్వు ఊ కొట్టకపోతే నాకు కథ ముందుకి నడవదు, ముందే చెప్తున్నాను.

ఆ సందు చివరింట్లో తవిటమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆవిడా, ఆవిడ ఇత్తడి బిందే, అంతే.

ఆ సందులో ఒక పద్ధతి ఉంది. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలీదు కదా, అందుకని అందరూ పొద్దున్నే బిందెలు తెచ్చి కుళాయి దగ్గర వరసలో పెట్టేసేవాళ్ళు. మనిషి లేకపోయినా బిందె ఉంటే వంతు ఉన్నట్టే. ఇంకొకరి బిందెని ఎవరూ కదపకూడదు.

కదిపేది ఒక్క సన్యాసమ్మే. కుళాయి పక్కిల్లే ఆవిడది. నొక్కుపడ్డ బిందె ఒకటి పట్టుకొచ్చి, తవిటమ్మ బిందెని కాలితో వెనక్కి నెట్టి, తనది ముందు పెట్టేది. అప్పుడు మొదలయ్యేది చూడు! ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ ఒకటే తగువు. మిగతావాళ్ళు నవ్వుకుంటూ, ఏం కూర వండావు, నీ మోకాలినొప్పి తగ్గిందా అని కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

ఒకరోజు తవిటమ్మకి విసుగొచ్చేసింది. "ఈ సన్యాసి మొకం సూడకుండా నా నీల్లు నాను పట్టుకోవాల" అనుకుంది. అప్పుడు సందులో వాళ్ళందరినీ పోగేసి మున్సిపల్ ఆఫీసుకి తీసుకెళ్ళింది. అక్కడ ప్రతి సోమవారం జనం కష్టాలు వింటారు. "మా సందుకి ఇంటింటికీ కుళాయి ఇవ్వాల!" అని అందరికంటే గట్టిగా అరిచింది తవిటమ్మే.

ఇవ్వరనుకున్నావు కదూ? ఇచ్చారు. ఇంటింటికీ గొట్టం వేశారు. ఆ తర్వాత వీధి కుళాయి పీకేసి, గొట్టానికి మూత బిగించి వెళ్ళిపోయారు.

తవిటమ్మ ఇంట్లోనే బిందె నింపుకుంది. ఎంత హాయిగా ఉందో! ఆ తర్వాత గుమ్మంలోకి వచ్చి చూసింది. సందులో ఎవరూ లేరు. అన్ని తలుపులూ వేసే ఉన్నాయి. లోపల నీళ్ళు పడుతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది. ఆ రోజంతా ఆవిడతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడూ అంతే. ఒంటరితనం చాలా చెడ్డది నాన్నా. వండుకున్న అన్నం కూడా తినబుద్ధి కాదు.

అప్పుడు తవిటమ్మ సోమవారం ఆఫీసుకి వెళ్ళింది. "మా ఇంట్లో నీల్లు రావట్లేదు బాబూ" అంది. అబద్ధమే మరి! ఆఫీసు నుంచి ఒకతను వచ్చి కుళాయి తిప్పాడు. నీళ్ళు అతని చొక్కా మీదికే చిమ్మాయి. "కూసో నాయనా, టీ ఎడతాను" అంది తవిటమ్మ. "ఇంకో వీధికెళ్ళాలమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి సోమవారం మళ్ళీ వెళ్ళింది. నీళ్ళు ఉప్పగా ఉన్నాయంది. ఈసారి ఇంకొకతను వచ్చాడు. గ్లాసుడు తాగి, "కొబ్బరినీళ్ళలా ఉన్నాయి కదమ్మా!" అని అతనూ వెళ్ళిపోయాడు. గ్లాసు గట్టు మీద ఉంటే తవిటమ్మ చాలాసేపు కడగలేదు. ఇంట్లో ఇంకొకరు తాగిన గ్లాసు కదా.

మూడో సోమవారం మున్సిపాలిటీ చైర్‌పర్సనమ్మే ఎదురుగా కూర్చుని అడిగింది. "ఏమ్మా, ఇంకా ఏం ఇబ్బంది?"

తవిటమ్మకి అబద్ధాలు అయిపోయాయి. "నీల్లొస్తన్నాయి తల్లీ. మనుసులే రావట్లేదు. ఆ పాత కుళాయి మల్లీ ఎట్టించండి" అంది.

హాలంతా గొల్లున నవ్వింది. చైర్‌పర్సనమ్మ నవ్వలేదు. "ఇంటింటికీ ఇచ్చాక వీధి కుళాయి ఉంచకూడదమ్మా. అడిగింది కూడా మీరే కదా" అంది. అదీ నిజమే. తవిటమ్మ తల దించుకుని వెనక్కి తిరిగింది. వెనక బెంచీ మీద సన్యాసమ్మ కూర్చుని ఉంది, తన ఇంటి ముందు కాలవ పూడిపోయిందని చెప్పుకోడానికొచ్చి. ఆవిడా నవ్వలేదు. మొహం మాత్రం పక్కకి తిప్పేసుకుంది.

మర్నాడు పొద్దున్నే తవిటమ్మ ఖాళీ బిందె తీసుకెళ్ళి మూత బిగించిన గొట్టం ముందు పెట్టింది. ఎందుకో ఆవిడకే తెలీదు. ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ పెట్టింది. ఒక ఆవు వచ్చి వాసన చూసి పోయింది.

మూడో రోజు పెట్టి, ఇంటికెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. చూస్తే ఏముంది? తన బిందె వెనక్కి జరిగి ఉంది. దాని ముందు నొక్కుపడ్డ బిందె ఒకటి!

తవిటమ్మకి కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. అయినా గొంతు తగ్గించలేదు. "ఒలే సన్యాసీ! నా బిందె నెట్టడానికి నీకెన్ని గుండెల్లే?"

సన్యాసమ్మ గుమ్మంలోంచి దిగి వచ్చింది. "నెడతాను. ఎల్లి ఆపీసులో సెప్పుకో, నీకలవాటేగా!"

ఎండెక్కేదాకా దెబ్బలాడుకున్నారు. ఇంకెవరూ తలుపు తియ్యలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఖాళీ బిందెలు చంకన పెట్టుకున్నారు.

"రేపు ముందు నాదే" అంది తవిటమ్మ.

"సూద్దారిలే" అంది సన్యాసమ్మ.

ఊ కొట్టవేంరా? పడుకున్నావా? సరేలే, మిగిలింది నాకు నేనే చెప్పుకుంటాను.

కథేమో కంచికి,
బిందేమో ఇంటికి,
నువ్వేమో నిద్దరకి,
నేనేమో రేపటికి.