వెన్నముద్ద కొలిచిన ఎండ

అనగనగా, ఏడాదికేడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో, చలువపురమని ఒక నగరం ఉండేది. పేరులో ఉన్న చలువ వీధుల్లో లేదు. అయినా ఆ సంగతి నగరసభకు తెలియదు. ఎందుకు తెలియదో చెబుతాను, వినండి.

ఆ నగరంలో పాతకాలం నుంచి ఒక ఆచారం ఉంది. వైశాఖమాసంలో నగరసభ మూడుసార్లు కొలువుదీరుతుంది. కొలువుదీరిన ప్రతిసారీ వెండిపళ్లెంలో ఒక వెన్నముద్ద పెడతారు. సభ ముగిసేలోగా వెన్న కరిగితే ఎండ ముదిరినట్టు లెక్క. అప్పుడు వీధివీధినా చలివేంద్రాలు పెట్టాలి, మిట్టమధ్యాహ్నం కూలిపనులు ఆపాలి, ఆ ఏడాది ఒక్క చెట్టు మీద కూడా గొడ్డలి పడకూడదు. కరగకపోతే ఎవరి పనులు వారివి.

మొదట్లో ఆ పళ్లెం బజారు నడుమ ఉండేది. వరసగా మూడేళ్లు కాకులు వెన్న ఎత్తుకుపోయాయి. దాంతో పెద్దలు పళ్లేన్ని సభామంటపంలోకి మార్చారు. తర్వాత ఉక్కకు ఓర్చుకోలేక మంటపం చుట్టూ వట్టివేళ్ల తడికలు కట్టించుకున్నారు. వాటిని తడపడానికి నూకాలు అనే ఆవిడను పనిలో పెట్టుకున్నారు. కాకి రాని చోటికి ఎండ కూడా రాదన్న మాట, అంత తెలివైన సభలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఏడు శంభుమూర్తి అనే వర్తకుడు సభకు విన్నపం పెట్టుకున్నాడు. మంటపం పక్కనే కుమ్మరివీధి. అందులో రెండు వరసల కానుగ చెట్లున్నాయి. వాటిని కొట్టించి, రాళ్లు పరిపించి, కొత్త అంగళ్లు కడతానన్నాడు.

"మూడు సభల్లోనూ వెన్న కరగకపోతే అలాగే కొట్టించుకోవయ్యా" అన్నారు నగరపెద్ద సోమలింగం గారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆచారం దాటి ఆలోచించే అలవాటు లేదు, అంతే.

మొదటి సభకు సాలెవీధి పెద్ద వచ్చాడు. "అయ్యా, వేడిగాలికి నూలు పెళుసెక్కి మగ్గం మీదే తెగిపోతోంది" అన్నాడు. సభ్యులు వెన్న వంక చూశారు. అది చెక్కుచెదరలేదు. "నూలు నాసిరకమేమో, చూసుకో" అని పంపేశారు.

రెండో సభకు పాలమ్మే అచ్చమ్మ వచ్చింది. "బాబూ, బజారు దాటేలోగా పాలు ఇరిగిపోతున్నాయండి" అంది. మళ్లీ వెన్న వంక చూశారు. ముద్ద ముద్దలాగే ఉంది. "కుండ సరిగ్గా కడుగు తల్లీ" అని ఆమెనూ పంపేశారు.

మూడో సభకు ముందురోజు సాయంత్రం నూకాలు మొగుడు అప్పన్న కానుగల కింద, తన తాటిముంజల బుట్ట ముందు, దిగులుగా కూర్చున్నాడు. ఆ నీడ పోతే అతని బేరం పోతుంది. కుమ్మర్లు కుండలు చేసుకునే చోటు, పిల్లలు ఆడుకునే చోటు కూడా పోతాయి.

"రేపొక్క రోజు తడికలకి నీల్లు పొయ్యకే. ఎన్న దానంతటదే కరిగిపోద్ది. సెట్లు బతుకుతాయి" అన్నాడు.

నూకాలుకు ఆశ పుట్టింది. ఎందుకు పుట్టదు? కానీ కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది. "జీతం పుచ్చుకుని పని ఎగ్గొడితే అది మోసం కాదేటి? మోసంతో నిలబెట్టిన సెట్టుని, అది బయటపడ్డ రోజే కొట్టేస్తారు. ఉన్నమాట నోటితోనే సెప్తాను" అంది.

మూడో సభనాడు ఆమె ఎప్పటిలాగే తడికలన్నీ తడిపింది. వెన్న కరగలేదు. శంభుమూర్తి లేచి, ఇక ఆజ్ఞ ఇప్పించమన్నాడు. అప్పుడు నూకాలు కడవ కింద పెట్టి సభ ముందుకు వచ్చింది.

"బాబూ, ఆ ఎన్న కరగనిది ఊరు సల్లగా ఉండి కాదండి. పొద్దుట్నించి నాను నలభై కడవల నీల్లు పోశాను. ఆ ఎన్న ఊరి సంగతి సెప్పడం లేదండి, నా పని సంగతి సెప్తోంది."

శంభుమూర్తికి ఒళ్లు మండింది. "అలాగైతే ఈ తడికలే తీయించేస్తారు. నీ పని పోతుంది, తెలుసా?" అన్నాడు.

"పోతే పోద్దండి. నాను మరో పని ఎతుక్కుంటాను. సెట్లు ఎక్కడికెల్లి ఎతుక్కుంటాయి?"

సోమలింగం గారు గడ్డం గోక్కున్నారు. "మరి ఊరి సంగతి మాకెలా తెలియాలమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్న ఆ మంటపంలో పుట్టడం అదే మొదటిసారి.

"పల్లెం పట్టుకుని నాలుగడుగులు నడవండి బాబూ" అంది నూకాలు.

నగరపెద్ద పళ్లెం పట్టుకుని లేచారు. సభంతా వెనకాలే కదిలింది. ఆ హడావిడిలో చెప్పులు మంటపంలోనే మరిచిపోయారు.

మంటపం గుమ్మం దగ్గర వెన్న నిగనిగలాడింది. కుమ్మరివీధిలో, కానుగల నీడలో, అంచులు కాస్త మెత్తబడ్డాయి, అంతే. అక్కణ్ణుంచి బజారులోకి అడుగుపెట్టారు. మూడేళ్ల కిందట చెట్లన్నీ కొట్టేసి రాళ్లు పరిచిన బజారది. పది అడుగులు వేశారో లేదో, వెన్న జారి నగరపెద్ద మోచేతుల మీదుగా కారడం మొదలుపెట్టింది. కానీ దాని వంక ఎవరూ చూడలేదు. కింద రాళ్లు కాలుతుంటే సభ్యులందరూ పంచెలు ఎగ్గట్టి గెంతుతున్నారు. పాలమ్మే అచ్చమ్మ నవ్వాపుకోలేకపోయింది.

అందరికంటే ముందు వెనక్కి పరుగెత్తినవాడు శంభుమూర్తి. సరాసరి వెళ్లి మొదటి కానుగ కింద నిలబడి అరికాళ్లు చూసుకున్నాడు. సభ్యులూ తలా ఒక చెట్టు కిందికి చేరారు.

"ఇప్పుడు చెప్పవయ్యా, ఏ చెట్టు కొట్టమంటావు?" అని అడిగారు సోమలింగం గారు, ఆయాసపడుతూ.

"నేను నిలబడ్డ చెట్టు మాత్రం వద్దండి" అన్నాడు శంభుమూర్తి.

చూస్తే, ప్రతి చెట్టు కిందా ఎవరో ఒకరు నిలబడే ఉన్నారు. మొదట నవ్వినవాడు శంభుమూర్తే. తర్వాత అందరూ నవ్వారు.

చెట్లు నిలిచాయి. మర్నాడే చలివేంద్రాలు వెలిశాయి, మధ్యాహ్నం పనులు ఆగాయి. బజారులో అక్కడక్కడా రాళ్లు పెకలించి మొక్కలు నాటించి, వాటి బాగోగులు చూసే పెద్దరికం నూకాలుకు అప్పగించారు. అప్పటినుంచి వైశాఖంలో నగరసభ నడిబజారులోనే కొలువుదీరుతోంది. సభలు తొందరగా ముగుస్తున్నాయి, పనులు తొందరగా జరుగుతున్నాయి.

కాబట్టి పిల్లలూ, ఊరిని ఏలేవారు ఊరి కష్టాన్ని తమ చల్లని గదిలో కూర్చుని కాదు, ఆ కష్టం పడేవారు నిలబడ్డ చోటే నిలబడి కొలవాలి.