చివర పెట్టిన ప్లగ్గు

పౌర్ణమి ముందురోజు పొద్దున, సుంకన్న మఠం వంటింట్లో దొంగను పట్టుకున్నాడు. ఆ దొంగ గ్రైండరు.

పెన్నేటి ఒడ్డున ఉన్న ఆ చిన్న మఠంలో కొన్నాళ్లుగా ఒకటే తంటా. వంటింటి గోడకు కొత్తగా బిగించిన ట్రిప్పరు మాటిమాటికీ పడిపోతోంది. కరెంటు ఎక్కడైనా బయటికి కారితే, మనిషికి ప్రమాదం కాకముందే లైను ఆపేసే స్విచ్ అది. సుంకన్న దాని బటన్ నొక్కి చూశాడు. పడాల్సినట్టే పడింది. ఫ్రిజ్జు ఒక్కటే నడిపి చూశాడు, పడలేదు. నీళ్ల మోటారు ఒక్కటే నడిపాడు, పడలేదు. హీటరూ అంతే, గ్రైండరూ అంతే. అన్నీ కలిసి నడిస్తే మాత్రం టక్కున పడుతుంది.

సుంకన్న పట్టిన పట్టు వదిలే రకం కాదు. ఒక్కొక్కటే కలుపుతూ పోయాడు. ఫ్రిజ్జు, మోటారు, హీటరు. ట్రిప్పరు నిలిచింది. గ్రైండరు ప్లగ్గు పెట్టాడు. పడింది. ప్లగ్గు తీసి ట్రిప్పరు ఎత్తాడు. నిలిచింది.

"సామీ, దొరికింది!" అని అరిచాడు. "దొంగ ఇదే. పాత సామాన్ల బండికి కబురు చేసినా. ఇప్పుడే వస్తాడు."

వంట చేసే ఉరుకుందమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"నా గ్రైండరు దొంగనా? హోటలు మూసేసి ఇక్కడికి వచ్చిన రోజు నేను తెచ్చుకున్నది ఇదొక్కటే. అది బండెక్కితే దాని పక్కనే నేనూ ఎక్కుతా. రేపు వచ్చే జనానికి నువ్వే రుబ్బి దోసెలు పొయ్యి."

"కోపంతో చెప్పలేదక్కా. పరీక్ష చేసి చెప్తున్నా."

"ఎప్పుడు చూసినా ఎవరో ఒకరికి పరీక్షే! నీకు పెట్టేవాళ్లు లేక."

గురువు కంబగిరి సామి వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. చేతులు దులుపుకుని లేచాడు. నేరుగా సుంకన్న ఉండే గదిలోకి వెళ్లాడు. ఇస్త్రీ పెట్టె పట్టుకుని వచ్చాడు.

కాషాయం బట్టలకు మడత చెడకుండా రోజూ ఇస్త్రీ చేసుకునేవాడు ఆ మఠంలో సుంకన్న ఒక్కడే.

"సామీ, అది నాది."

"తెలుసు."

ఫ్రిజ్జు, మోటారు, హీటరు నడుస్తూనే ఉన్నాయి. గ్రైండరు తీసేసిన చోట సామి ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాడు.

టక్.

మోటారు ఆగిపోయింది. పెరట్లో పైపు నీళ్లు సన్నబడి నిలిచిపోయాయి.

ఉరుకుందమ్మ గోడకు ఆనుకుని నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సామీ, బండివాడు వస్తే ఆగమనండి. ఇంకో సామాను కూడా ఉంది!"

సామి ఇస్త్రీ పెట్టె తీసి పక్కన పెట్టాడు. మోటారు ప్లగ్గు కూడా పీకాడు. గ్రైండరు ప్లగ్గు పెట్టి ట్రిప్పరు ఎత్తాడు. గ్రైండరు గుర్రుమంటూ హాయిగా తిరిగింది. అప్పుడు మోటారు ప్లగ్గు చివరన పెట్టాడు.

టక్.

"మరి ఇప్పుడు మోటారు దొంగనా, సుంకన్నా?"

సుంకన్న ట్రిప్పరు వంక చూశాడు. ప్లగ్గుల వంక చూశాడు. అట్లే గడప మీద కూలబడ్డాడు. కాసేపటికి అతని మీసాల కింద నవ్వు మొదలైంది.

"అన్నిట్లోనూ కొంచెం కొంచెం కారుతోంది సామీ. విడిగా ఉంటే ట్రిప్పరు ఓర్చుకుంటుంది. అన్నీ కలిస్తే ఆపేస్తుంది. నేను చివర వచ్చినదాని మెడ పట్టుకున్నా."

"ట్రిప్పరుకు ఏమన్నా జబ్బా?"

"ఏమీ లేదు. దాని పని అది చేసింది. లైను రెండుగా చీల్చి ఇంకో ట్రిప్పరు బిగిస్తా. అంతవరకు రుబ్బేటప్పుడు మోటారు ఆపుకుంటాం."

వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది. "సామాను ఏదయ్యా?" అని కేక వినిపించింది.

సామి మళ్లీ వేరుశనక్కాయల ముందు కూర్చున్నాడు.

"చెప్పు సుంకన్నా. ఎవరిని ఎక్కిద్దాం?"

సుంకన్న లేచి, గ్రైండరును రెండు చేతులా ఎత్తి దాని చోట్లో పెట్టాడు. తన పైగుడ్డతోనే దాని రాయి తుడిచాడు.

"అక్కా," అన్నాడు, "పప్పు నానిందా?"