టంకశాల మూయించిన సోమిలుడు

సోమిలుడు తలపెట్టిన పని నెగ్గింది. అయినా ఊరు అతన్ని తిట్టిపోసింది. అదే అతనికి మింగుడుపడలేదు.

అతను రాజుగారి కోశాధికారి. యుద్ధాల ఖర్చుకని టంకశాలలో ఎడాపెడా నాణేలు కొట్టిన రోజుల్లో బియ్యం ధర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పరదేశపు ఓడలవాళ్లు ఆ నాణేన్ని ముట్టుకునేవారు కాదు. సోమిలుడు రాజుగారిని ఒప్పించి టంకశాల మూయించాడు. కోశం నుంచి ఇచ్చే అప్పులకు వడ్డీ పెంచాడు. ఏడాది తిరిగేసరికి ధరలు దిగాయి, ఓడలు మళ్లీ రేవుకొచ్చాయి. కానీ పెట్టుబడి పుట్టక సాలెవాళ్ల మగ్గాలు ఆగిపోయాయి. వాళ్లు అతని పల్లకీ మీద బురద చల్లారు. అతను వాళ్లను చెరలో పెట్టించి, తన గురువు ధర్మనంది ఉండే కొండమీది బౌద్ధ విహారానికి వచ్చాడు.

"భదంతా, నా లెక్క ఎక్కడైనా తప్పిందా?"

"లేదు. అంత ధైర్యం ఇంకెవరికీ ఉండేది కాదు."

సోమిలుడి ఛాతీ ఉప్పొంగింది. "మరి వాళ్లకి విశ్వాసం లేదేం?"

గురువు లోపలి గది వైపు చూపించాడు. "లోపల చిత్రుడని ఒక పడవవాడు విషజ్వరంతో పడున్నాడు. ఇవాళ మెతుకు లోపలికి పోతే మనిషి దక్కడు. కాస్త చూసుకో" అన్నాడు.

సోమిలుడు వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.

"అయ్యా, ఒక్క ముద్ద పెట్టించండి" అన్నాడు చిత్రుడు.

"పెట్టకూడదు. నీ మంచికే."

చిత్రుడు బతిమాలాడు, ఏడ్చాడు, చివరికి చేతికందిన మట్టిముంత విసిరాడు. అది సోమిలుడి భుజానికి తగిలి పగిలింది. అతను మండిపడుతూ బయటికొచ్చాడు.

ధర్మనంది లేచి లోపలికి వెళ్లాడు. రోగి పక్కనే నేల మీద కూర్చుని, తడిగుడ్డతో పెదవులు అద్దాడు. చిత్రుడు ఆయన్నీ నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయన మాత్రం రోగి పాదాలు ఒత్తుతూ కూర్చున్నాడు. తనకు భిక్షలో వచ్చిన అన్నం తానూ తినకుండా పక్షులకు వేయించాడు. తిట్టి తిట్టి అలిసిపోయిన చిత్రుడు ఆయన చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు.

సోమిలుడు అదంతా బయటినుంచి చూస్తూనే ఉన్నాడు.

"మీరూ అన్నం పెట్టలేదు కదా, భదంతా" అన్నాడు నెమ్మదిగా.

"పెట్టలేదు."

"నన్ను కొట్టాడు. మీ చెయ్యి పట్టుకున్నాడు."

ధర్మనంది రోగి చేతిలోంచి తన చెయ్యి తీసుకోలేదు. "గుమ్మం దగ్గరే ఆగిపోయావు నాయనా" అన్నాడు.

సోమిలుడు గుమ్మం దాటి లోపలికొచ్చాడు. తర్వాత గురువు పాదాలకు మొక్కి కొండ దిగాడు. బోయీలు పల్లకీ ఎత్తబోతే వద్దన్నాడు.

టంకశాల ఆ ఏడూ తెరవలేదు. చెరసాల తలుపులు మాత్రం ఆ సాయంత్రమే తెరిచారు. బయటికొచ్చిన సాలెవాళ్లతో కలిసి, వాళ్ల తిట్లు వింటూ, కోశాధికారి వాళ్ల వీధి దాకా నడిచాడు.