నలుగురే నడవాలన్న రాజ్యం

వెనకటికి ఒక రాజు ఉండేవాడర్రా. ఆయన పేరు వరహాలరాజు, రాజ్యం పేరు పైడిమెట్ట. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు ఏడు సముద్రాల అవతలి నుంచి ఒక మాంత్రికుడు ఓడలో వచ్చి, కూర్చోడానికి కాస్త చోటిమ్మన్నాడు. రాజు మంచివాడు కదా, ఇచ్చాడు. ఆ చోటు గది అయింది, గది కోట అయింది. రాజేమో పాత గుర్రపుశాలలో కాపురం పెట్టాడు.

మాంత్రికుడు మొదటి శాసనం వేశాడు. ఎవరింటా కత్తి ఉండకూడదు. జనం కొమ్మలు చేత్తోనే విరుచుకున్నారు. ఇదేం న్యాయమని అడగబోయిన పెద్దకొడుకు అక్కడికక్కడే రాయైపోయాడు. రెండో శాసనం వేశాడు. ఎవరూ అడవిలో అడుగు పెట్టకూడదు. జనం దుంపలు లేక పస్తులున్నారు. అడగబోయిన నడిపివాడూ రాయైపోయాడు.

మూడోవాడు కొండలరాయుడు, నెమ్మదస్తుడు. తిరగబడదాం పదమని వచ్చినవాళ్ళకల్లా ఓర్చుకోమని చెప్పి పంపేవాడు. ఒకరోజు గోరింక ఒకటి అతని భుజం మీద వాలి, మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందని చెప్పింది. రాయుడు పడవ నూకయ్య దగ్గరికి పరుగెత్తాడు. అంత సముద్రం దాటాలంటే ఎనిమిదిమంది తెడ్డు వేయాలన్నాడు నూకయ్య. గాలి మోసిందో ఏమో, ఆ మాట కోటకు చేరింది. మర్నాడే మూడో శాసనం వచ్చింది. నలుగురికి మించి కలిసి నడవకూడదు, ఒకే పడవ ఎక్కకూడదు. ఐదోవాడు పది అడుగుల్లో రాయైపోతాడు.

ఇంక పడవెక్కడ, చిలకెక్కడ. రాయుడు అప్పుడూ ఓర్చుకోమనే అన్నాడు.

ఆ ఎండాకాలంలో ముసలిరాజు పోయాడు. పాడె మోయడానికి నలుగురు కావాలి. ముందు నిప్పుకుండ పట్టుకుని కొడుకు నడవాలి. ఎలా చూసినా ఐదుగురు. ఈ ఒక్కపూట సడలించమని రాయుడు కోట గుమ్మంలో వేడుకున్నాడు. కాపలావాడు లోపలికి వెళ్ళి వచ్చాడు. మోసేవాళ్ళు చాలకపోతే తండ్రిని ఈడ్చుకుపొమ్మన్నాడట మాంత్రికుడు. కావాలంటే తాడు తనే ఇస్తాడట.

రాయుడు వచ్చి ఆ మాట చెప్పాడు. ఎవరూ ఏడవలేదు. నూకయ్య కండువా మడిచి భుజం మీద వేసుకుని పాడె కొమ్ము పట్టుకున్నాడు.

"ఐదోవాణ్ణి నేను. నువ్వు నడు నాయనా."

"వద్దు మావా, ఓర్చు..."

"మీ నాన్నని తాడేసి లాగేదాకా ఓర్చమంటావా?"

రాయుడు నిప్పుకుండ ఎత్తుకున్నాడు. పది అడుగులు వేశారు. నూకయ్య రాయైపోయాడు. పాడె ఒరిగేలోపు, దారి పక్కన విడివిడిగా నిలబడ్డ జనంలోంచి గానుగ గౌరయ్య వచ్చి భుజం పెట్టాడు. మరో పది అడుగులు. గౌరయ్యా రాయైపోయాడు. ఆ తర్వాత గౌరయ్య తమ్ముడు వచ్చాడు. ఆ తర్వాత నెత్తిమీది చేపల బుట్ట దింపి తమ్ముడి పెళ్ళాం వచ్చింది. ఆడది పాడె మోయడమేమిటని ఎవరూ అనలేదు. పది అడుగులకొక రాయి, శ్మశానం దాకా.

రాయుడు చితికి నిప్పు పెట్టాడు. నిప్పు పెట్టినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. తిన్నగా ఏటికి పోయి తలమీద నీళ్ళు పోసుకోవాలి. రాయుడు ఏటికి పోలేదు. కోటవైపు నడిచాడు. చేతిలో కత్తి లేదు. కోటలో ఉన్నది మాంత్రికుడే గాని వాడి ప్రాణం కాదని అతనికి తెలుసు. తెలిసే నడిచాడు.

వెనకాల ఊరు ఊరంతా కదిలి వస్తున్నట్టు అడుగుల చప్పుడు. పది అడుగులకు కాస్త తగ్గింది. ఇంకో పది అడుగులకు ఇంకాస్త తగ్గింది. ఎవరు ఆగిపోయారో, ఎవరు వస్తున్నారో అతను తిరిగి చూడలేదు. కోట తలుపు దగ్గరికి వచ్చేసరికి మూడు జతల కాళ్ళ చప్పుడే మిగిలింది. అతనితో కలిపి నలుగురు.

రాయుడు పిడికిలి బిగించి తలుపు మీద కొట్టాడు.

కథ ఆ తలుపు దగ్గరే ఉండిపోయిందర్రా. మనమే ఇంటికి వచ్చేశాం.