తిరగని తుంటి

రాళ్లు చెక్కేవాళ్ల ఇంట్లో పుట్టిన కణ్హుడు కృష్ణానది ఒడ్డునున్న బౌద్ధ విహారంలో భిక్షువుగా చేరి ఏడు నెలలైంది. ఇంకా పద్మాసనం పట్టుబడలేదు. తోటి భిక్షువులు పొద్దెక్కేదాకా కదలకుండా కూర్చునేవారు. ఇతని మోకాళ్లు మాత్రం నేలకు జానెడు ఎత్తున నిలిచిపోయేవి.

"పున్నమిలోగా కూర్చుని తీరతాను. కాళ్లు విరిగితే విరగనీ," అనుకున్నాడు.

పాదాలు తొడలమీదికి ఎక్కించి నారతాడుతో బిగించి కట్టుకున్నాడు. రోజూ పళ్లు బిగబట్టి ఓర్చుకున్నాడు. నాలుగోనాటికి కుడి మోకాలు వాచిపోయింది. ఐదోనాడు భిక్షకు లేవలేకపోయాడు. అయినా తాడు కట్టుకోవడం మానలేదు.

సంగతి తెలిసి గురువు నందక థేరుడు వచ్చాడు. తాడు చూశాడు, మోకాలు చూశాడు. వెళ్లి, మరణధ్యానం కోసం గుహలో ఉంచిన ఎముకలు కొన్ని తెచ్చి ముందు పెట్టాడు. ఇద్దరు మనుషుల తుంటి ఎముకలు, వాటి తొడ ఎముకలు.

"ఈ తొడ ఎముక పైకొసనున్న గుండును తుంటి ఎముక గిన్నెలో పెట్టి తిప్పు నాయనా."

కణ్హుడు తిప్పాడు. తొడ ఎముక బయటివైపుకు సులువుగా వాలింది.

"ఇప్పుడు రెండోది."

రెండోదాని గిన్నె బాగా లోతు. తొడ ఎముక కాస్త తిరిగి, గిన్నె అంచుకు తగిలి ఆగిపోయింది.

"ఇంకా తిప్పు."

బలంకొద్దీ తిప్పాడు. ఎముకమీద ఎముక కిర్రుమంది. కణ్హుడు చెయ్యి తీసేశాడు.

"ఇక విరుగుతుంది, భంతే."

"బతికున్నప్పుడైతే ఆ విరుపు మోకాలి మీద పడేది," అన్నాడు థేరుడు. "సరే, ఈ ఇద్దరిలో ఎక్కువ సాధన చేసినవాడెవడు?"

కణ్హుడు రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"వీటిని చూసి చెప్పలేను."

థేరుడు వంగి తాడు ముడి విప్పసాగాడు. కణ్హుడు తాడు చివర పట్టుకున్నాడు.

"మరి నా పంతం ఏం చేసుకోను, భంతే?"

"ఉండనీ. కాళ్లకు మాత్రం కట్టకు."

మర్నాడు పొద్దున్నే కణ్హుడు గోడ పట్టుకుని కుంటుతూ వచ్చి, అందరి మధ్యా ఒక ఎత్తుపీట వేసుకున్నాడు. కాళ్లు కిందికి వదిలి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. వెనక ఎవరో నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. కళ్లు మాత్రం తెరవలేదు.

గంట మోగింది. అందరూ లేచారు.

కణ్హుడు ధ్యానంలోంచి లేవలేదు.