ఈసారి ఎండలెక్కువ

నగరం నడుమ, అపార్టుమెంట్ల మధ్య ఇరుక్కుపోయిన చెరువొకటి. పేరుకే చెరువు లెండి, ఆ వేసవికి మోకాలి లోతు మిగిలింది. అందులో ఓ కొరమీను, దాని వెంట ఎర్రెర్రని పిల్లల గుంపు. వాటి ప్రాణాలన్నీ ఆ కాసిని నీళ్లమీదే ఉన్నాయి.

వాననీళ్లు చెరువులోకి తెచ్చే కాలువ ఒక్కటే. దాని నిండా ఇటుకముక్కలు, ప్లాస్టిక్ సంచులు. అది చూసి గుండె చెదిరిన ముసలి తాబేలు అందర్నీ ఒడ్డుకు పిలిచింది.

"ఏమర్రా, ఎండలు ఏటేటా పెరుగుతున్నాయా లేదా?"

"పెరగకేం తాతా! నా గూటి పక్కన పోయినేడు రెండు ఏసీ డబ్బాలుండేవి, ఇప్పుడు ఆరు. ఒకటే సెగ!" అంది పావురం.

"చెట్లన్నీ కొట్టేశారు కదా, ఇక నీడెక్కడ?" అంది గేదె. "నా పాలు సగమైపోయాయి."

"అయితే మీకన్నీ తెలుసన్నమాట!" తాబేలు సంబరపడింది. పిచ్చి తాత, తెలిస్తే చేస్తారనుకుంది. "పదండి, కాలువ తీద్దాం. గేదెమ్మా, కొమ్ములతో రాళ్లు నెట్టు. పావురమ్మా, మీవాళ్లు సంచులు లాగండి. రెండు పూటల పని. వాన పడితే చెరువు నిండుతుంది."

గేదె లేవబోయింది కూడా. అంతలో రాళ్లగుట్ట మీంచి నక్క దిగొచ్చింది. నీళ్లు తగ్గితే చేపలు సులువుగా దొరుకుతాయని దాని ఎత్తు.

"ఎందుకు తాతా అందర్నీ హడలగొడతావ్? ఎండలు ఈసారి ఎక్కువ, అంతే. వచ్చే ఏడు మామూలే!"

ఈసారి! ఎంత చల్లని మాటో చూడండి. గేదె మళ్లీ చతికిలబడింది. "నిజమే తాతా, ఈసారికి ఇలా కానీ. వచ్చే వేసవికి ముందే చేసేద్దాం."

"పోయినేడూ ఇదే మాటన్నావు కదమ్మా!"

"అప్పుడూ ఈసారి ఎక్కువే మరి!"

కొరమీను నీళ్లలోంచి తలెత్తింది. "వదినల్లారా, మీకు కాళ్లున్నాయి, రెక్కలున్నాయి. నా పిల్లలకి ఈ నీళ్లు తప్ప ఏముంది? మీకు దణ్ణం పెడతా, రెండే పూటలు..."

"అయ్యో పాపం," అన్నారంతా. నిజంగానే బాధపడ్డారు. పడి, ఎవరి నీడకి వాళ్లు పోయారు. తాబేలొక్కటే ఒక సంచిని సాయంత్రం దాకా లాగింది. గాలి దాన్ని మళ్లీ కాలువలోకే తోసింది.

వైశాఖానికి చెరువులో బురదే మిగిలింది. ఓ మధ్యాహ్నం వాన దంచికొట్టింది. "వచ్చింది తాతా, వచ్చింది!" అంటూ కొరమీను బురదలో ఎగిరిపడింది. నీళ్లు కాలువ దాకా వచ్చాయి. చెత్తకి తగిలి, పక్కకి తిరిగి, రోడ్డెక్కాయి. వీధుల్లో గేదెని పొట్టదాకా ముంచి, మురుక్కాలువల్లో కలిసిపోయాయి. చెరువులో పడ్డ చినుకుల్ని నేల బీటలే తాగేశాయి.

మూడోనాటికి బురద గట్టిపడింది. నక్క తీరిగ్గా పిల్లల్ని ఒక్కొక్కటే ఏరుకు తిని, చివరికి తల్లినీ తింది. తాబేలు చూడలేక తల డొప్పలోకి లాక్కుంది.

తిన్నాక నక్కకి దాహమేసింది. చెరువంతా తిరిగింది, బీటల్లో నాలుక పెట్టింది. గుట్టమీద తను రోజూ తాగే గుంటలో పడ్డ వాననీళ్లు కూడా అప్పటికే ఆరిపోయాయి.

"తాతా, చుక్క నీళ్లెక్కడైనా..."

"ఈసారికి లేవు నాయనా."

నక్క అక్కడే కూలబడింది. ఫ్లైఓవర్ కింద ఒంటిమీది ఎండిన బురద రాల్చుకుంటున్న గేదెతో పావురం అంటోంది: "ఈసారి వాన మరీ ఎక్కువ కదూ!"

నీతంటారా? 'నాకు తెలుసు' అని కూర్చున్నంత మాత్రాన చెరువు నిండదు.